ఫిష్ ట్యాంకు అద్దం పగిలింది, సిలికాన్ పూస్తే ఆగుతుందా, ట్యాంకు మార్చాలా?

మూడడుగుల ట్యాంకు, ముందు అద్దంలో కింది మూల నుంచి జానెడు పగులు, నీళ్లు మాత్రం ఇంకా కారడం లేదు, సిలికాన్‌తో నెట్టుకురావచ్చా అని అడిగారు. వద్దండీ, మార్చేయండి. ‘ఇంకా కారడం లేదు కదా’ అన్న ధీమాతోనే నేను పందొమ్మిది రోజులు గడిపాను. ఇరవయ్యో రోజు రాత్రి జరిగింది చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

నాదీ సరిగ్గా అదే కొలత. ఎడమవైపు కింది మూల నుంచి వెంట్రుకంత సన్నటి గీత. టార్చి ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనబడేది కాదు. బయటి నుంచి గోరుతో గీస్తే తగిలింది, లోపలి నుంచి గీసినా తగిలింది. రెండువైపులా తగిలిందంటే అది గీత కాదు, అద్దం మందమంతా తెగినట్టు. ట్యాంకులు అమ్మే ఒకాయన్ని అడిగితే, ‘లోపల ఒక అద్దం ముక్క సిలికాన్‌తో అతికించండి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు’ అన్నాడు. నీళ్లు తోడి, ఆరబెట్టి, ముక్క అతికించి, సిలికాన్ ఆరేటప్పుడు వచ్చే వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఆగి మళ్లీ నింపాను. చుక్క కారలేదు. పగులు కొస దగ్గర మార్కర్‌తో చిన్న అడ్డగీత పెట్టి, పక్కన తేదీ రాశాను. పదకొండో రోజుకి పగులు ఆ గీత దాటి అరంగుళం ముందుకొచ్చింది. గీత నేనే సరిగ్గా పెట్టలేదేమో అనుకుని వదిలేశాను. ఆ ఒక్క అనుకోవడానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఇరవయ్యో రోజు రాత్రి గాజు విరిగినట్టు ‘టిక్’మని చప్పుడు. లేచి వెళ్తే హాల్లో నేలంతా నీళ్లు. చీకట్లో స్విచ్ కోసం తడుముతుంటే అవతలి గదిలోంచి అమ్మ వస్తోంది. ఫిల్టరు, హీటరు ప్లగ్గులున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు స్టాండు కింద నేల మీదే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ‘అమ్మా, అక్కడే ఆగు!’ అని అరిచి, ముందు మెయిన్ ఆపేశాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. దయచేసి మీ బాక్సు ఎక్కడుందో ఇప్పుడే చూడండి. నేల మీద ఉంటే గోడకి ఎత్తులో బిగించండి. వైరు ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు వేలాడేలా వదిలితే, వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే నేల మీద పడతాయి, ప్లగ్గులోకి ఎక్కవు.

టార్చి వేసి చూస్తే అతికించిన ముక్క చెక్కుచెదరలేదు. పగులే ఆ ముక్కని దాటి అద్దం సగందాకా పాకింది. నీళ్లు విసనకర్రలా పల్చగా విచ్చుకుని కారుతున్నాయి. లోపల రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఆరేళ్లుగా మాతో ఉన్నవి. పెద్దది రెండు వేళ్ల లోతు నీళ్లలో రాళ్ల మీద పక్కకి ఒరిగి ఉంది, మొప్ప మాత్రం మెల్లగా ఎత్తి దించుతోంది. మిగిలిన నీళ్లు బకెట్‌లోకి ముంచి వాటిని అందులోకి మార్చాను. ఫిల్టరు స్పాంజ్ కూడా అదే బకెట్‌లో పడేశాను. ఆ స్పాంజ్ ఎండిపోయినా, క్లోరిన్ నీళ్లలో కడిగినా చేపలు వదిలే అమ్మోనియా అనే విషాన్ని తినే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అది లేని కొత్త ట్యాంకులో చేపలు వాటి అమ్మోనియాకే పోవచ్చు. రెండూ బతికాయి.

ముక్క ఎందుకు ఆపలేకపోయిందంటే, నిండుగా నింపితే ఆ కొలతలో దాదాపు 180 లీటర్లు పడతాయి, అంటే 180 కిలోలు. ముందు అద్దం ఒక్కదాని మీదే 90 కిలోల దాకా తోపు ఉంటుంది, అదీ అడుగున ఎక్కువ. ముక్క నీటిని ఆపుతుంది గానీ పగులు కొస దగ్గర అద్దంలో ఉన్న లాగుడుని ఆపలేదు. నీళ్లు సగం ఎత్తుకి దించితే మాత్రం ఆ తోపు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే కొత్త ట్యాంకు వచ్చేదాకా ఈ రాత్రే సగానికి తోడేయండి. హీటరు నీళ్లపైకి తేలకుండా చూసుకోండి, ఒట్టి గాలిలో వేడెక్కితే దాని గాజూ పగులుతుంది.

బాగు చేసుకోదగ్గవీ ఉన్నాయి. అద్దం బాగుండి అతుకు దగ్గర మాత్రమే చెమ్మ వస్తుంటే మళ్లీ సీలు చేయొచ్చు. కానీ పాత సిలికాన్ మీద కొత్తది పూస్తే అంటుకోదు. బ్లేడుతో మొత్తం గీకి, స్పిరిట్‌తో తుడిచి అప్పుడు పూయాలి. బాత్‌రూముల కోసం బూజు పట్టకుండా మందు కలిపి అమ్మే సిలికాన్ వద్దు, అది చేపలకి విషం. పై అంచున చిన్న పెచ్చు లేచి, అది అతుకుదాకా రాకపోతే భయం లేదు. పైపై గీతలు అసలు లెక్కలోకే రావు. ఈ ప్రశ్నకి కొందరు సూపర్ గ్లూ పోయమని రాస్తున్నారు, చదువుతుంటే కోపం వస్తోంది. అది గట్టిపడితే పెళుసు, అద్దం ఏమాత్రం వంగినా విడిపోతుంది. నీళ్లున్న ట్యాంకు అద్దం ఎప్పుడూ కొద్దిగా వంగే ఉంటుంది.

నేను అసలు చెప్పదలుచుకున్నది ఇంకోటి ఉంది. ట్యాంకులు చాలాసార్లు అద్దం వల్ల కాదు, స్టాండు వల్ల పగులుతాయి. మర్నాడు ఖాళీ స్టాండు మీద రసమట్టం పెట్టి చూస్తే బుడగ ఒక పక్కకి పోయింది. ఎడమవైపు ముందు కాలు రెండు మిల్లీమీటర్లు కిందికుంది. సరిగ్గా ఆ మూలే పగిలింది. పైగా ట్యాంకు అడుగున కందిగింజంత రాయి ఇరుక్కుని ఉంది. అంత బరువు ఆ చుక్క మీద ఆనితే ఏ అద్దమైనా ఎంతకాలం ఓర్చుకుంటుంది? అదే స్టాండు మీద కొత్త ట్యాంకు పెట్టి ఉంటే అదీ పగిలేది. కాబట్టి ముందు స్టాండు సరిచేయండి. అద్దం అడుగు నేరుగా ఆనే ట్యాంకైతే కింద ఫోమ్ షీట్ పరవండి. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్నదైతే పరవొద్దు, దాని బరువు ఫ్రేమ్ అంచు మీదే పడాలి, మధ్యలో ఫోమ్ ఉబ్బి అడుగు అద్దాన్ని పైకి నెడుతుంది.

పాతదాన్ని నేను పారేయలేదు. బ్లేడుతో అతుకులు విప్పితే వెనక అద్దం ఒక్క గీత లేకుండా వచ్చింది. దాన్ని కోయించి, అంచులు అరగదీయించి కొత్త ట్యాంకుకి మూతగా వేశాను. పెద్ద గోల్డ్‌ఫిష్ ఇప్పుడు ఆ మూత కిందే, మేత వేసే మూల దగ్గర తచ్చాడుతూ ఉంటుంది.