తొమ్మిదో తరగతికి పరమాణువు చెప్పబోతున్న మా మేనకోడలికి

అమ్మాయీ,

నిన్న ఫోన్‌లో "మావయ్యా, వచ్చే వారం పరమాణువుల పాఠం, టెన్షన్‌గా ఉంది" అన్నావు కదా, సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను, అందులో మొదటి పదేళ్ళు తప్పుగానే చెప్పాను. క్లాసులోకి వెళ్ళగానే బోర్డు మీద, పదార్థమంతా విడగొట్టలేని పరమాణువులే అన్న డాల్టన్ ప్రతిపాదనలు వరసగా రాసేసేవాణ్ణి, పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుని పరీక్షలో దించేసేవాళ్ళు. కంటికి కనపడనిది ఉందని ఆయనకెలా తెలిసింది సార్ అని ఒక్కడూ అడగలేదు. అడగాలనిపించేలా నేను చెబితే కదా.

అందుకే మొదటి రెండు రోజులు డాల్టన్ ఊసే ఎత్తకు. కాటా పట్టుకెళ్ళు. లెడ్ నైట్రేట్‌తో చేసే పసుపు ప్రయోగం చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ సీసం విషం, అరవై మంది పిల్లల మధ్య నాకెప్పుడూ ధైర్యం చాలలేదు. అర లీటరు కూల్‌డ్రింక్ సీసాలో కొంచెం వెనిగర్ పోసి, హోమియో మాత్రల చిన్న సీసాలో పావు చెంచా వంట సోడా వేసి, అది ఒరిగిపోకుండా మెల్లగా లోపలికి దించి మూత బిగించు. తూకం రాయించు. ఇప్పుడు సీసా వంచు, బుసబుసా పొంగుతుంది, మళ్ళీ తూచు. అదే బరువు. ఆ తర్వాత మూత వదులు చెయ్యి, సుయ్యిమని గాలి పోతుంది, ఇంకోసారి తూస్తే అర గ్రాము లోపు తగ్గుతుంది. ఆ కొంచెం తేడా కనపడాలంటే కూరగాయల కాటా పనికిరాదు, బంగారం తూచేలాంటి చిన్న కాటా కావాలి.

సోడా పావు చెంచా దాటనివ్వకు. మూత బదులు బెలూన్ తగిలించి మాత్రం చెయ్యకు. నేను చేశాను ఒకసారి. బెలూన్ ఉబ్బింది, ఎక్కడా లీకు లేదు, అయినా కాటా మీద దాదాపు రెండు గ్రాములు తగ్గింది! "ఎక్కడో కారుతోందిరా" అని తప్పించుకున్నాను గానీ, ఇంటికి వస్తుంటే దారిలో వెలిగింది. ఉబ్బిన బెలూన్ లీటరున్నర గాలిని పక్కకి నెట్టింది, లీటరు గాలి దాదాపు 1.2 గ్రాములు, ఆ మేరకు గాలే దాన్ని పైకి మోస్తోంది. మర్నాడు వెళ్ళి పిల్లలకి నిజం ఒప్పుకున్నాను. ఆ ఏడాది ఆ క్లాసుకి ద్రవ్యనిత్యత్వం, అంటే మార్పు జరిగినా మొత్తం బరువు మారదన్న నియమం, బాగా వచ్చింది, అది వేరే సంగతి.

అప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ కథ చెప్పు. 1774లో మూసిన పాత్రలో తగరం వేడి చేస్తే అది లోపలి గాలిలో కొంత కలుపుకుంది, అయినా మొత్తం బరువు మారలేదు, మూత తీయగానే బయటి గాలి లోపలికి దూరి బరువు పెరిగింది. మన సీసాకి సరిగ్గా తిరగబడ్డ కథ, పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

స్థిరానుపాత నియమం, అంటే ఒక సమ్మేళనంలో మూలకాల పాళ్ళు ఎప్పుడూ ఒకటే అన్నదాని దగ్గర ఇడ్లీపిండి వాడు. ఒకింట్లో ఒకటికి రెండు రవ్వ, ఇంకోచోట రెండున్నర, ఎవరి లెక్క వాళ్ళది, అది మిశ్రమం. నీళ్ళు అలా కాదు, గోదావరిలోవైనా మీ స్కూలు బోరులోవైనా శుద్ధి చేసి విడగొడితే 9 గ్రాములకి 1 గ్రాము హైడ్రోజన్, 8 గ్రాముల ఆక్సిజన్. ఫ్రెంచి రసాయనవేత్త ప్రౌస్ట్ రాగి కార్బొనేట్‌తో చూపించింది ఇదే, గనిలో దొరికినా ల్యాబులో చేసినా పాళ్ళు ఒకటే అని. ఇంకో రసాయనవేత్త బెర్తొలే ఒప్పుకోక ఏళ్ళ తరబడి వాదించాడు, ఆ గొడవ కూడా చెప్పు, సైన్సులో పెద్దవాళ్ళూ పోట్లాడుకుంటారని తెలియాలి.

ఇక్కడ ఆగి అడుగు: పాళ్ళు ఎందుకు మారవు? ఓ పీరియడ్ అంతా దీనికే పోయినా పరవాలేదు. జవాబు రాకపోతే ఇంకో లెక్క ఇవ్వు. 12 గ్రాముల కార్బన్ ఒక వాయువులో 16 గ్రాముల ఆక్సిజన్‌తో కలుస్తుంది, ఇంకోదాంట్లో 32తో, సరిగ్గా రెట్టింపు, మధ్యలో 23 గ్రాములతో కలిసిన మూడో వాయువు దొరకదు. సైకిలుకి రెండు చక్రాలు, ఆటోకి మూడు, రెండున్నర చక్రాల బండి ఎక్కడైనా చూశారా అంటే వెనక బెంచీవాడు కూడా "చక్రం సగం ఉండదు కదా సార్" అంటాడు. అన్నాడా, అప్పుడు డాల్టన్ని లోపలికి పిలువు.

మన ప్రాచీన తాత్వికుడు కణాదుడి పేరు ఎవరో ఒకరు ఎత్తుతారు. కొట్టిపారెయ్యకు, పరమాణువు మాట మనకి ఎప్పటినుంచో ఉంది, అది తర్కంతో చేరిన ఆలోచన. డాల్టన్ 1803లో కొత్తగా చేసింది ఒక్కో రకం పరమాణువు హైడ్రోజన్ పరమాణువుకి ఎన్ని రెట్లు బరువో లెక్కగట్టడం. అందులో తప్పులూ ఉన్నాయి, నీటికి ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ చాలనుకున్నాడు. పరమాణువుని విడగొట్టలేం అని ఆయన అన్నదానికి 1897లో థామ్సన్ కనిపెట్టిన ఎలక్ట్రాన్, పరమాణువు లోపలి చిన్న కణం, అడ్డొచ్చింది. అవి దాచకుండా చెప్పు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయమను, మార్కుల సంగతి మనకి తెలిసిందే.

క్లోరిన్‌కి పరమాణు భారం 35.5 ఏంటి టీచర్, సగం పరమాణువా అని ఎవరో అడుగుతారు చూడు, చక్రం కథ చెప్పావు కాబట్టి తప్పకుండా అడుగుతారు. రెండు రకాల క్లోరిన్ పరమాణువులుంటాయి, వాటి సగటు అది అని అప్పటికి చాలు.

నా చిన్న కాటా అటక మీద ఉంది, సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. ఈలోపు మీ వీధిలో కంసాలి ఎవరైనా ఉంటే ఒక పూటకి అడిగి చూడు.

మావయ్య