మేనేజర్ పదవి కోసం శ్రీపెరుంబుదూరు వెళ్లాలా?

ప్రశ్న: మాది తిరుపతి, వయసు 34. రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేరి నాలుగేళ్ల మూడు నెలలైంది. బేసిక్ 26,000, చేతికి 46,000 వస్తుంది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులోని ఒక కంపెనీ నెలకు 80,000 సీటీసీతో (కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు) ప్రొడక్షన్ మేనేజర్ పదవి ఇస్తామంటోంది. అందులో బేసిక్ 40,000, వేరియబుల్ 16,000. నా భార్య ఇక్కడే టీచర్, పాప రెండో తరగతి. అందుకే నేనొక్కడినే వెళ్లాలి. వదులుకుంటే మళ్లీ రాదేమోనని భయం. శుక్రవారంలోగా జవాబివ్వాలి.

జవాబు: మీ భయం నాకు అర్థమవుతోంది. కానీ 80,000 అన్న అంకెను ముందు విడదీసి చూడాలి. వేరియబుల్ పనితీరును బట్టి తర్వాత వచ్చే సొమ్ము కనుక దాన్ని పక్కన పెడితే 64,000 మిగులుతుంది. పూర్తి బేసిక్ మీద 12 శాతం చొప్పున పీఎఫ్‌లో మీ వాటా, సీటీసీలోనే కలిపే కంపెనీ వాటా కలిసి 9,600 పోగా చేతికి వచ్చేది సుమారు 54,400. అంటే ఇప్పటికన్నా 8,400 ఎక్కువ. అక్కడ గది అద్దె, భోజనం, వారం వారం తిరుపతికి రాకపోకలు కలిపి 15,000కు తగ్గవు. పెద్ద పదవిలో చేరి కూడా ప్రతి నెలా ఇంటికి ఆరు వేలకు పైగా తక్కువ పంపవలసి వస్తుంది.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే సొమ్ము, దాని సంగతి కూడా ఉంది. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండితేనే అది వస్తుంది. బేసిక్‌ను 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తే ఐదేళ్లకు మీకు 75,000 అవుతుంది. తొమ్మిది నెలల ముందే మానేస్తే ఆ మొత్తం పోతుంది. పీఎఫ్ మాత్రం తీయకుండా పాత యూఏఎన్‌తోనే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) బదిలీ చేయించుకోండి.

అయినా వెళ్లవద్దని నేను అనను. షిఫ్టును నడపడం వేరు, మొత్తం ప్రొడక్షన్‌కు జవాబుదారీగా ఉండడం వేరు. ఆ అనుభవం ముందుముందు మీ జీతాన్ని నిర్ణయిస్తుంది. అందుకే రెండు అడగండి. వేరియబుల్‌లో 10,000 ఫిక్స్‌డ్‌లోకి మార్చమనండి. అప్పుడు ఖర్చులు పోను ఇప్పటికన్నా మూడు వేలకు పైగా ఎక్కువ మిగులుతుంది. పోయే గ్రాట్యుటీకి బదులుగా 75,000 జాయినింగ్ బోనస్ అడగండి. మేనేజర్‌గా తీసుకునేవారి దగ్గర ఇలా అడగడం తప్పు కాదు, అయితే ఏడాదిలోపు మానేస్తే బోనస్ తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చదవండి.

ఒప్పుకోకపోతే తొమ్మిది నెలలు ఇక్కడే ఉండండి. ఈలోగా మీ మేనేజర్‌ను కలిసి ఒక లైన్ పూర్తి బాధ్యత అడిగి తీసుకోండి. రిజెక్షన్ (నాణ్యత లేక పక్కన పెట్టే సరుకు) ఎంత తగ్గించారో, కొత్త ఆపరేటర్లను ఎన్ని రోజుల్లో పనిలోకి తెచ్చారో వారం వారం రాసి పెట్టుకోండి. ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ పుస్తకమే.

శుక్రవారంలోగా ఈ రెండు కోరికలూ హెచ్ఆర్‌కు ఈ-మెయిల్‌లో పంపండి. ఫోనులో సరేనన్న మాట ఆఫర్ లెటర్‌లోకి వచ్చేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వకండి.