టెన్షన్ అంటే ఏందిరా కొడుకా?

ఫీలింగ్‌కి ఏ మాట వాడుతమో దాన్నిబట్టి ఆ ఫీలింగే మారుతదా అని అడిగిర్రు కదా, నా మటుకైతే మారింది, ఎట్లనో చెప్త.

హన్మకొండల రూమ్ తీసుకొని గ్రూప్-2కి చదువుతున్న రోజులు. ఎవరేమడిగినా నా నోట్ల ఒకటే మాట, టెన్షన్. నిద్ర పట్టకున్నా టెన్షనే, అన్నం దిగకున్నా టెన్షనే, అదంతా ఎగ్జామ్ గురించే అని నేనే ఫిక్సయి ఇంకో రెండు గంటలు ఎక్కువ చదివితే పోతదనుకున్న, పోలే. ఓ ఆదివారం నర్సంపేట దిక్కు మా ఊరికి పోతే నాయినమ్మ వాకిట్ల కూసోని మిర్చి తొడిమెలు తీస్తాంది, తుమ్ముకుంటనే పక్కన కూసున్న. "టెన్షన్ అంటే ఏందిరా కొడుకా? బుగులైతాందా, రంది పెట్టుకున్నవా, యాష్టకొచ్చిందా?" అన్నది.

బుగులంటే భయం, రంది అంటే లోపల పెట్టుకున్న దిగులు, యాష్ట అంటే విసుగు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒక్కో మాట అనుకొని చూసుకుంటే బుగులైతే కాదు, పేపర్ యాదికొస్తే గుండె ఏం దడదడలాడ్తలేదు. రంది. నా కోచింగ్ ఫీజుకి బాపు అమ్మ గాజులు గోల్డ్ లోన్ల పెట్టిండు, ఎంతకు పెట్టిండో అడిగే ధైర్యం లేక ఆర్నెల్ల సంది లోపలనే పెట్టుకొని తిరుగుతున్న. ఆ రాత్రే అడిగిన. నలభై వేలట, సగం కట్టేసిండట. మిగిలిన సగం అట్లనే ఉంది గానీ నాకు మాత్రం నిద్రపట్టింది.

మన మాటల్లనే చూడున్రి, బుగులు అయితది, యాష్టకు వస్తది, రంది మాత్రం మనం పెట్టుకుంటం. పెట్టుకున్నదైతే దించొచ్చు కదా అని అప్పుడు తట్టింది (సొంత థియరీ, తెలుగు సార్లు తిట్టొద్దు). 2007ల అమెరికాల యూసీఎల్ఏ యూనివర్సిటీల లీబర్‌మన్ అనే సైకాలజిస్ట్ టీమ్ బ్రెయిన్ స్కాన్లు తీసింది, కోపంగ, భయంగ ఉన్న మొహాల ఫొటోలు చూపెట్టి ఆ ఎమోషన్ పేరు ఎంచుకోమంటే అమిగ్డలా (మెదడుల భయం లాంటివాటికి స్పందించే భాగం) రియాక్షన్ తగ్గిందట. ఫొటోలు చూసుడు వేరు, ఇంట్ల అప్పు వేరు, నేను దాన్ని మరీ గుంజను.

వారాల తరబడి నిద్ర, తిండి లేకుంటే మాత్రం మాటలు ఎంచుకుంట కూసోకున్రి, డాక్టర్ దగ్గరికి పోవున్రి, లేకుంటే మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ 14416 టెలిమానస్‌కి ఫోన్ చేయున్రి, తెలుగుల మాట్లాడొచ్చు.

ఆ రోజే "మరి నీకేంది నాయినమ్మా" అని అడిగిన. పెద్దనాయిన పోయి అప్పటికి నాలుగేండ్లు. "నాది రంది కాదురా, మనాది" (మనసుల నుంచి పోని బాధ) అని ఇంకో దోసెడు మిర్చి ముందటికి గుంజుకున్నది.