మున్సిపాలిటీ పాత రికార్డుల గదికి జనం రావాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న చదివాను. డెల్టాలో ఓ చిన్న మున్సిపాలిటీలో పాత రికార్డుల గది మీకు అప్పజెప్పారు, ఎవరూ అటు తొంగి చూడటం లేదు, జనంలోకి తీసుకెళ్ళడానికి ఎగ్జిబిషన్ పెడదామనుకుంటున్నారు. నేను కూడా డెల్టాలోనే, కాలువ గట్టున ఉన్న ఒక చిన్న పట్టణంలో ఇరవై రెండేళ్ళు రికార్డు అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. ఎగ్జిబిషన్ తరవాత పెట్టుకోవచ్చు. ముందు ఇండెక్సు రాయండి. ఎందుకంటున్నానో చెబుతాను.

నేను చేరినప్పుడు ఎర్రగుడ్డల్లో కట్టిన మూటలు నేల మీద నుంచి కిటికీ దాకా పేర్చి ఉండేవి. ఎవరైనా వచ్చి పాత కాగితం అడిగితే 'దొరకలేదు, వచ్చే వారం రండి' అనేవారు. వచ్చే వారం కూడా అదే మాట. జనం రావడం మానేశారంటే తప్పు వాళ్ళది కాదు.

ఒకావిడ కొడుకు పుట్టిన సర్టిఫికెట్ కోసం మూడోసారి వచ్చింది. అబ్బాయి కువైట్ వెళ్ళాలి. టీసీలో ఒక తేదీ, రేషన్ కార్డులో ఇంకో వయసు. పుట్టిన తేదీ ఏంటమ్మా అంటే, 'పెద్ద వరదొచ్చిన ఏడు, వరలక్ష్మీ వ్రతం వెళ్ళిన నాలుగో రోజు' అంది. పెద్ద వరదంటే మా వైపు 1986. ఆ ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పాత పంచాంగం తీసి చూస్తే ఆ ఏడు వ్రతం ఆగస్టు 15న, అంటే పిల్లాడు పుట్టింది 19న. ఆగస్టు పేజీలన్నీ అంతకుముందే రెండుసార్లు తిరగేశారు, లేదు.

జనన రిజిస్టరులో వరస పుట్టిన తేదీని బట్టి ఉండదు, నమోదు చేయించిన తేదీని బట్టి ఉంటుంది. ఆ సంగతి తెలియకపోతే ఎంత వెతికినా దొరకదు. వాళ్ళ వీధి వీధంతా బడిలో తలదాచుకుంది, పురుడు కూడా అక్కడే జరిగింది. నీళ్ళు తీసి, బురద ఎత్తి, ఇల్లు నిలబెట్టుకునేసరికి నెలలు గడిచాయి. ఆలస్యంగా రాయించి ఉంటారని నవంబరు దాకా తిప్పాను. ఉంది. పేరు గడి ఖాళీ. తండ్రి పేరు, ఇంటిపేరు, పుట్టిన చోటు దగ్గర 'ఎలిమెంటరీ స్కూలు' అని. చివరి గడిలో సమాచారం ఇచ్చినవారి వేలిముద్ర. నేను చదివి వినిపించాక ఆవిడ ఆ ముద్ర పక్కన వేలు ఆనించి, 'ఇది మా మావగారిదేనా బాబూ' అని అడిగింది. అవునమ్మా అన్నాను. చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

ఆ మరుసటి వారం ఆవిడ వీధి నుంచే నలుగురొచ్చారు. నెల తిరిగేసరికి పక్క వార్డు వాళ్ళూ రావడం మొదలైంది. నేను ఒక్క బోర్డు కూడా పెట్టలేదు.

అందుకే ఇండెక్సు. ముందు ఒక నోటుబుక్కులో ఒక్కో రిజిస్టరుకి ఒక్కో లైను రాయండి: ఏ ఏడు, ఏ రకం, మొదటి నమోదు తేదీ, చివరి నమోదు తేదీ, ఏ బీరువాలో ఏ అర. ఈ ఒక్క పని అయితే సగం వెతుకులాట తప్పుతుంది. తరవాత తీరిక దొరికినప్పుడల్లా జనన రిజిస్టర్లకి ఇంటిపేర్ల వారీగా రాసుకోండి. పేరు గడి ఖాళీగా ఉన్నవి ఎన్నో ఉంటాయి, ఇంటిపేరే దారి చూపిస్తుంది. పన్నుల పుస్తకాల్లో ఫసలీ అని కనిపిస్తే కంగారు పడకండి, అది పాత పన్ను లెక్కల సంవత్సరం. దానికి 590 కలపండి, ఆ ఇంగ్లీషు ఏడు జులైలో మొదలైన సంవత్సరం అది. ఫసలీ 1345 అంటే 1935 జులై నుంచి 1936 జూన్ వరకు.

ఇంకొకటి, దీనివల్ల నేను చాలామందిని ఉత్త చేతులతో పంపకుండా ఉండగలిగాను. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. మన ఇళ్ళల్లో తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. కాబట్టి పెద్దకొడుకుదో పెద్దకూతురిదో మీ దగ్గర లేకపోతే 'లేదు' అని ఊరుకోకండి. 'మీ అమ్మగారి పుట్టిల్లు ఏ ఊరండీ?' అని అడిగి, ఏ మున్సిపాలిటీకో పంచాయతీకో వెళ్ళాలో కాగితం మీద రాసివ్వండి.

ఇక కాగితాల సంగతి. మన గాలిలో తేమ మీకు తెలియనిది కాదు. ర్యాకులు గోడకి జానెడు దూరం జరపండి, కింది అర నేలకి అడుగున్నర ఎత్తులో ఉండాలి. తుప్పు పట్టిన గుండుసూదులన్నీ తీసేసి దారం ట్యాగులు వేయండి. చిరిగిన చోట సెలోటేపు వేయకండి. నేను మొదట్లో వేశాను, పదేళ్ళకి ఆ జిగురు గోధుమరంగుకి తిరిగి కింద అక్షరాల్ని కనపడకుండా చేసింది. ఆ పేజీలు గుర్తొస్తే ఇప్పటికీ బాధే. లామినేషన్ అసలు వద్దు. రిజిస్టరు తడిస్తే ఎండలో పెట్టకుండా ఫ్యాను కింద, మధ్య మధ్య అచ్చు లేని తెల్లకాగితాలు పెట్టి ఆరబెట్టండి. అంటుకుపోయిన పేజీల్ని లాగకండి. రెండు రోజులు ఆలస్యమైతే బూజు మొదలవుతుంది, సెలవు రోజైనా సరే వెళ్ళాలి.

పనికిరానివని మూటలు అమ్మేయమని ఎవరైనా అంటే ఒక్కో ఫైలు తెరిచి చూడకుండా ఒప్పుకోవద్దు. ఎన్నాళ్ళు ఉంచాలో చెప్పే గుర్తు ఫైలు మీదే ఉంటుంది: ఆర్.డిస్. అని ఉంటే శాశ్వతంగా ఉంచాల్సింది, డి.డిస్. అయితే పదేళ్ళు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో ఇలా చూడకుండానే తూకానికి వేసేశారు, అందులో కౌన్సిల్ మినిట్స్ పుస్తకాలు కూడా పోయాయి. ఆ ఊరి వాళ్ళు ఇప్పుడు ఏ వీధి ఎంత ఖర్చుతో వేశారో తెలుసుకునే దారి లేదు.

ర్యాకులకి డబ్బు లేదంటారు. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(ఎ) రికార్డుల్ని జాబితా వేసి, ఇండెక్సు రాసి ఉంచాలని చెబుతోంది. ఆ సెక్షన్ ఉదహరిస్తూ కమిషనర్ గారికి నోట్ ఫైలు పెట్టండి. మాకు నాలుగు ర్యాకులు అలాగే వచ్చాయి.

ఇవన్నీ ఒక దారికొచ్చాక మీ ఎగ్జిబిషన్. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, శాఖా గ్రంథాలయంలో ఒక బల్ల అడగండి. మేం అదే చేశాం. మహనీయుల ఫొటోలు పెట్టలేదు. పాత ఇంటిపన్ను రిజిస్టరు పేజీల జిరాక్సులు, ఒక్కో వీధివి వరసగా గోడకి అంటించాం. ఒకే డోర్ నంబరు ఎదురుగా ఒక రిజిస్టరులో 'తాటాకు', తరవాతి దాంట్లో 'పెంకు', ఆ తరవాత 'డాబా'. జనం తమ ఇంటి నంబరు దగ్గర ఆగిపోయారు. ఒక పెద్దాయన వాళ్ళ నాన్న కట్టిన పన్ను రూపాయల్లో చూసి మనవడిని పిలిచి చూపించాడు, మర్నాడు ఇంట్లో దాచిన రసీదుల కట్ట తెచ్చాడు. అలా తెచ్చినవాటిని ఉంచేసుకోవద్దు. స్కాన్ చేసి, తీసుకున్నట్టూ తిరిగిచ్చినట్టూ సంతకాలతో వెనక్కివ్వండి.

మినిట్స్ పుస్తకాల్లోంచి ఒకటే అంశం తీసుకున్నాం: వేసవిలో కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ళ చెరువు నింపడం. ఏటా అదే తీర్మానం, ఏటా అదే ఆదుర్దా. అది చదివి ఆడవాళ్ళు బిందెల వరసలు, కావిళ్ళ నీళ్ళు గుర్తు చేసుకున్నారు. మున్సిపల్ హైస్కూలు పిల్లలతో ఆ మాటలు రాయించి, పేర్లూ తేదీలూ వేసి ఒక ఫైలుగా కట్టాం. అదీ ఇప్పుడు రికార్డే.

మరణ రిజిస్టర్లు మాత్రం ఎప్పుడూ బల్ల మీద పెట్టకండి. జనన మరణాల నమోదు చట్టం 1969, సెక్షన్ 17 ప్రకారం చనిపోయిన కారణం ఎవరికిచ్చే నకలులోనూ కనపడకూడదు. ఆస్తి తగాదాల్లో దాని కోసం గట్టిగా ఒత్తిడి తెచ్చేవాళ్ళుంటారు. ఇవ్వకండి.

వానలు మొదలయ్యేలోపు కింది అరలు ఖాళీ చేసి నోటుబుక్కు మొదలుపెట్టండి. మీ దగ్గర జనన రిజిస్టర్లు ఏ ఏడు నుంచి ఉన్నాయో, మధ్యలో ఏ సంవత్సరాలు లేవో ఇక్కడ రాస్తే, ఏది ముందు పట్టుకోవాలో చెబుతాను.