పొరపాటు నమోదు కావాలంటే కోర్టుకే వెళ్లాలా?

ప్రశ్న: మా నాన్నగారికి పెన్సిలిన్ పడదని ఆసుపత్రిలో చేర్చిన రోజే చెప్పాం. అయినా మూడో రోజు రాత్రి అదే జాతి ఇంజెక్షన్ ఇచ్చారు. ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక ఐసీయూకు తరలించారు. ఇప్పుడు కోలుకున్నారు గానీ, డిశ్చార్జ్ సమ్మరీలో ఆ ఊసే లేదు. ఆయన ఇకముందూ అక్కడికే వెళ్లాలి కాబట్టి కేసు పెట్టాలని లేదు. కానీ జరిగింది ఎక్కడైనా నమోదు కావాలి. ఎలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: జరిగిన పొరపాటును తెలియజేయడం వేరు, పరిహారం కోరుతూ కేసు వేయడం వేరు. మొదటిది చేసినంత మాత్రాన మీరు ఎవరి మీదా దావా వేసినట్టు కాదు.

అన్నిటికంటే ముందు రికార్డులు తీసుకోండి. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, రోగి గానీ ఆయన అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన నాటినుంచి మూడేళ్లు భద్రపరచాలి. డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకుండా కేస్‌షీట్ మొత్తం నకలు అడగండి. మొదటి పేజీలో 'అలర్జీలు' అన్న చోట ఏం రాశారు, ఆ రాత్రి నర్సు మందుల చార్టులో ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకు ఇచ్చినట్టు ఉంది, ఐసీయూకు మార్చేటప్పుడు కారణం ఏమని రాశారు అన్న మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీరు చెప్పిన మాట మొదటి పేజీలోనే ఖాళీగా మిగిలిపోయిందా, లేక రాసి ఉన్నా చూడలేదా అన్నది అక్కడే తేలుతుంది. దరఖాస్తు రెండో ప్రతిపై ఆసుపత్రి ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోవడానికి వాళ్లు నిరాకరిస్తే స్పీడ్ పోస్టులో పంపండి.

మందు వికటించిన సంగతిని 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాలపై నిఘా) కార్యక్రమానికి తెలపవచ్చు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతోంది. డాక్టర్లే కాదు, రోగులూ బంధువులూ 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. రోగుల కోసం తెలుగులోనూ ఫారం ఉంది. వివరాలు గోప్యంగా ఉంచుతారు. అయితే అక్కడ నమోదయ్యేది మందు చేసిన హాని. ముందే చెప్పినా పట్టించుకోలేదన్నది అసలు లోపం, దానికి ఆసుపత్రే జవాబు చెప్పాలి. అందుకని మెడికల్ సూపరింటెండెంట్‌కు ఉత్తరం రాయండి. నిందలు వద్దు, తేదీలూ సమయాలూ చాలు. సమ్మరీని సరిచేయమని, ఫైలు పైనే పెన్సిలిన్ పడదని రాయమని, మరొకరికి ఇలా జరగకుండా ఏం చేశారో తెలపమని అడగండి. సమ్మరీ సరిచేయించడం పట్టుదల కోసం కాదు, రేపు మరో ఊళ్లో మరో డాక్టరు చూసేది ఆ కాగితాన్నే.

ఫిర్యాదు చేస్తే వైద్యంలో తేడా చూపుతారేమోనన్న మీ భయం నాకు అర్థమవుతోంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఫిర్యాదు చేసే హక్కు స్పష్టంగా ఉంది. ఆ పత్రం దానంతటదే చట్టం కాదు గానీ, ఉత్తరంలో ప్రస్తావించండి. జవాబు రాకపోతే జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి, డాక్టరు ప్రవర్తనపైనైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాయవచ్చు.

క్రిమినల్ కేసు జోలికి మాత్రం వెళ్లవద్దంటాను. జాకబ్ మాథ్యూ అనే డాక్టరు కేసులో సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన తీర్పు ప్రకారం దానికి ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలి. పరిహారం విషయంలో మనసు మారితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు చెల్లించి చేయించుకున్న వైద్యం దాని పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. గడువు రెండేళ్లు. దాన్ని ఆసుపత్రి జవాబిచ్చిన రోజు నుంచి కాక, ఆ ఇంజెక్షన్ ఇచ్చిన రాత్రి నుంచే లెక్కపెట్టుకోండి.