తల వాల్చిందని నమ్మొద్దు అమ్మలూ

అమ్మలూ,

నువ్వు ఉత్తరాఖండ్‌లో ఆడ కంచర గాడిదకి కెమెరాతో అండాశయాలు తీసే ఆపరేషన్ చెయ్యబోతున్నావని మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. నిన్ను గన్నవరం వెటర్నరీ కాలేజీలో దింపి గుంటూరు బస్సెక్కిన రోజు గుర్తొచ్చి గుండె నిండిపోయింది, ఆ వెనకే టెన్షన్ పట్టుకుంది.

కంచరకి 63 క్రోమోజోములు, పిల్లలు పుట్టవు కాబట్టి ఎదకి రాదనుకుంటారు చాలామంది. వస్తుంది. కొన్నయితే ఆ రోజుల్లో మనిషిని దగ్గరకి రానివ్వవు, అందుకే అండాశయాలు తీసేది. కానీ తన్నే ప్రతిదానికీ అదే కారణం కాదు. పళ్లు చూశావా? జీను ఒరుసుకునే చోట వీపు నొక్కి చూశావా? ఏయే రోజుల్లో మొండికేసిందో యజమాని చేత రాయించావా? రాయించకపోతే ఆపరేషన్ వాయిదా వెయ్యి, ఎవరేమనుకున్నా సరే.

ముందురోజు మేత ఆపడం నీకు తెలిసిందే, పేగులు నిండుగా ఉంటే కెమెరాకి ఏమీ కనపడదు.

మత్తు దగ్గరే నా భయమంతా. నిలబెట్టి చేసే ఆపరేషన్ ఇది. కొండల్లో పనిచేసిన రోజుల్లో నేను డొక్క కోసి, చెయ్యి లోపల పెట్టి వెతికి తీసేవాణ్ణి. ఒక ఆడ కంచరకి గుర్రం లెక్కనే జైలజీన్ అనే మత్తుమందు ఇచ్చాను. దానికి దాదాపు సగం ఎక్కువ పడుతుందని పుస్తకంలో చదివి కూడా, తల వాల్చింది, కింది పెదవి జారింది, చాల్లే అనుకున్నాను. డొక్కలో తిమ్మిరి సూది గుచ్చానో లేదో, కాలు పక్కకి విసిరింది, వెనక్కి కాదమ్మా, పక్కకి! ట్రే అందించడానికి నా ముందుకొచ్చిన కాంపౌండర్ ముంజేయి విరిగింది. పెళ్లై నెల కాలేదు అతనికి. మూడు నెలలు ఎడమ చేత్తో అన్నం తిన్నాడు, ఒక్క మాట అనలేదు నన్ను. ఆ తన్ను నాకు తగలాల్సింది.

తొందరపడే బుద్ధి నీకూ ఉంది, మా వంశంలోనే ఉంది. సూది ఇచ్చాక ఆగు. చెవి ముట్టుకో, డొక్క గిల్లి చూడు, చాలకపోతే మళ్లీ ఇవ్వు. సాయం చేసేవాళ్లని కాలి దారిలో నిలబెట్టకు, నువ్వూ నిలబడకు.

అండాశయం కోశాక ఆ కోసిన చోట నెత్తురు కారుతుందేమో తీరిగ్గా చూసి, అప్పుడే కెమెరా తియ్యి. మాకు ఆ చూపు లేదు, వేళ్లతో తడుముకుని దేవుడికి వదిలేసేవాళ్లం. నీకుంది తల్లీ, వాడుకో.

చిన్నప్పుడు మా దొడ్లో దూడ నోట్లో బెల్లం పెడుతూ గంటలు కూర్చునేదానివి, నీ చేతి మీద నాకు అనుమానం లేదు.

అయిపోగానే ఫోన్ చెయ్యి. కంచర సంగతి తర్వాత, ముందు మీ అందరి చేతులూ కాళ్లూ బాగున్నాయని చెప్పు.

మీ పెదనాన్న
బ్రాడీపేట, గుంటూరు