గుర్రబ్బండి చక్రం టీపాయ్: ఆకులు ఎందుకు వదులయ్యాయంటే

పాత గుర్రబ్బండి చక్రంతో టీపాయ్ చేస్తే ఆకులు (చక్రం మధ్య నుంచి అంచు దాకా ఉండే చెక్క చువ్వలు) లొడలొడలాడుతున్నాయి, చక్రం చుట్టూ ఉండే ఇనుప పట్టా జారుతోంది అంటే, అది మీ పనితనం లోపం కాదండీ. ఆ పట్టాని బాగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తారు, చల్లారేసరికి కుదించుకుని చెక్కనంతా బిగించేస్తుంది. ఇంట్లో పొడి గాలికి చెక్క ఆరి సన్నబడ్డాక ఆ పట్టు పోతుంది. నీళ్లలో నానబెట్టమని ఎవరైనా చెప్తే వినకండి, ఆరగానే మళ్లీ మొదటికే. పట్టాకీ చెక్కకీ మధ్య సందుల్లో పలుచటి చెక్క చీలికలు దిగ్గొట్టి, ఆకుల మొదళ్లలో ఎపాక్సీ జిగురు నింపి ఒక రోజు కదపకుండా వదిలేయండి. అన్నట్టు, పాత రంగు పొడిగా గీకొద్దు, సీసం (లెడ్ అనే విషపు లోహం) ఉండొచ్చు. తడిపి గీకండి, మాస్క్ పెట్టుకుని.